బంకు మారితే పైసలు, హద్దు దాటితే రూపాయలు

‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అని సామెత. ఏ బంకులో పెట్రోలు చవకో తెలుసుకోవడానికి రోజూ సెల్‌ఫోనులో యాప్ తెరిచి చూసేవారికి ఇది కొంతవరకు వర్తిస్తుంది. ధరలు తెలుసుకోవడం తప్పు కాదు. కాని ఆ వెతుకులాట వల్ల జేబులో మిగిలేది ఎంత? కాకినాడ, కోనసీమ జిల్లాల వారికి ఈ లెక్క మరీ అవసరం. ఎందుకంటే పక్కనే యానాం వుంది.

ఒకే వూళ్లో తేడా ఎంత?

పెట్రోలు ధరను బంకు యజమాని నిర్ణయించడు. చమురు కంపెనీ నిర్ణయిస్తుంది. ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం మూడూ ప్రభుత్వ రంగ కంపెనీలే. ఒకే వూళ్లో వీటి బంకుల మధ్య తేడా సాధారణంగా పైసల్లోనే వుంటుంది. డిపో నుంచి బంకుకు ట్యాంకరు వచ్చే దూరాన్ని బట్టి ఆ పైసలు అటూ ఇటూ అవుతాయి. ప్రైవేటు కంపెనీల ధర మాత్రం ఒక్కోసారి వేరుగా వుండవచ్చు.

2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరలను రోజూ ఉదయం 6 గంటలకు సవరించే పద్ధతి వచ్చింది. అంతకుముందు పదిహేను రోజులకొకసారి సవరించేవారు. అయితే రోజూ సవరించే ఏర్పాటు వున్నంత మాత్రాన ధర రోజూ మారుతుందని కాదు. 2022 మే 22 నుంచి 2024 మార్చి 15న రెండు రూపాయలు తగ్గించే వరకు, ఇంచుమించు 22 నెలలపాటు ప్రభుత్వ కంపెనీల ధర దాదాపు కదలలేదు. అన్నాళ్లూ రోజూ యాప్ చూసినవారికి కొత్తగా తెలిసింది స్వల్పమే.

లెక్క సులువుగా వుండడానికి లీటరు 110 రూపాయలనీ, మోటారు సైకిలు లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుందనీ అనుకుందాం. అంటే కిలోమీటరుకు 2 రూపాయల 20 పైసలు ఖర్చు. అవతలి బంకులో లీటరు 20 పైసలు తక్కువని వెళ్లి 5 లీటర్లు పోయిస్తే మిగిలేది ఒక్క రూపాయి. ఆ రూపాయితో బండి అర కిలోమీటరు కూడా నడవదు.

యానాం సంగతి వేరు

పెట్రోలు జి.ఎస్.టి. కిందికి రాలేదు. ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. 2024 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి వున్నాయి. యానాం పుదుచ్చేరి పాలనలోనిది. అక్కడి పన్ను చాలా తక్కువ. అందుకే హద్దు దాటితే లీటరుకు పది రూపాయలకు పైబడి తేడా వుంటూ వచ్చింది.

తక్కువలో తక్కువ పది రూపాయలే అనుకుందాం. 8 లీటర్లు పోయిస్తే 80 రూపాయలు మిగులుతాయి. పది కిలోమీటర్ల దూరంలోని వూరి నుంచి అందుకోసమే వచ్చి వెళితే దారి ఖర్చు 44 రూపాయలు. చేతికి దక్కేది 36. అదే సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని కాకినాడ నుంచి వస్తే రానుపోను ఖర్చు 132 రూపాయలు. అంటే 80 ఆదా చేయబోయి 52 రూపాయలు నష్టం. కారుకూ అంతే. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారులో 30 లీటర్లు పోయిస్తే మిగిలేది 300. కాకినాడ నుంచి రానుపోను 4 లీటర్ల ఖర్చు 440.

ఎదుర్లంక వంతెన దాటి రోజూ యానాం పనికి వెళ్లేవారికి, తాళ్లరేవు వైపు నుంచి ఏదో పనిమీద వచ్చేవారికి మాత్రం దారి ఖర్చు ఎలాగూ తప్పదు. వారికి మిగిలినదంతా లాభమే. వారికీ యాప్‌తో పని తక్కువ. బంకు ముందు ధరల బోర్డు కనబడుతూనే వుంటుంది.

డబ్బాల్లో ప్రమాదం

ఇంత తేడా చూసి కొందరికి ప్లాస్టిక్ డబ్బాలు నింపుకుపోదామనే ఆశ పుడుతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలబారునే పాకి, దూరంగా వున్న పొయ్యి మంటనైనా అంటుకుంటుంది. పూరిల్లయినా మేడయినా క్షణాల్లో బుగ్గి అవుతుంది. పైగా లైసెన్సు లేకుండా తెచ్చి అమ్మడం నేరం. పది లీటర్లపై మిగిలే నూరు రూపాయల కోసం ఇంటిల్లిపాది ప్రాణాలు పణంగా పెట్టడం తగదు.

చూడవలసింది కొలత

ధరలో పైసలు వెతికేవారు కొలతను పట్టించుకోవడం లేదు. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర వుండాలి. అనుమానం వచ్చిన వినియోగదారుడు ఎవరైనా దానితో కొలిచి చూపమని అడగవచ్చు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను నిబంధనలు అనుమతిస్తాయి. ఆ కాస్త తరుగు విలువే 2 రూపాయల 75 పైసలు. లీటరుకు 55 పైసలన్నమాట. బంకు మారితే కలిసివచ్చే 20 పైసలకంటే ఇది రెండింతల పైమాటే. అంతకుమించి తగ్గితే ఆ శాఖ వారికి ఫిర్యాదు చేయవచ్చు.

మీటరు సున్నా మీద వుందో లేదో చూసి పోయించుకోవాలి. బంకులో ఉచితంగా ఇచ్చే గాలిని చక్రాలకు సరిపడా పట్టించుకోవాలి. గాలి తగ్గిన బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

యాప్ పూర్తిగా పనికిరానిదని కాదు. హద్దు దాటి దూర ప్రయాణం వెళ్లేటప్పుడు ఏ వైపున ట్యాంకు నింపాలో అది చెబుతుంది. హైదరాబాదుకో, బెంగుళూరుకో, చెన్నైకో బయలుదేరేముందు ఒకసారి చూసుకుంటే చాలు. వున్న వూళ్లో తిరగడానికైతే దారిలో తగిలే బంకు, సరైన కొలత చాలు.