ఎంటర్ కొట్టాక ఏం జరుగుతుంది?

నెట్‌వర్కింగ్ కొలువుల ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ‘బ్రౌజర్‌లో వెబ్‌సైట్ పేరు టైప్ చేసి ఎంటర్ కొడితే తెర వెనుక ఏం జరుగుతుంది?’ వినడానికి చిన్న ప్రశ్నే. కానీ సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని వెళ్లినవాళ్లు కూడా రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయేది ఇక్కడే. ఈ ఒక్క ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పగలిగితే ఫండమెంటల్స్‌లో సగం సిలబస్ మీ చేతికొచ్చినట్టే. అందుకే ఆ జవాబును అంచెలంచెలుగా చూద్దాం.

ముందు చిరునామా కావాలి

మీరు కాలేజీ వైఫైకి ల్యాప్‌టాప్ కలిపారు. దానికింకా ఐపీ అడ్రస్ లేదు. అందుకే ‘నాకు అడ్రస్ ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?’ అని నెట్‌వర్క్‌లో అందరికీ వినిపించేలా కేకేస్తుంది. దీన్నే బ్రాడ్‌కాస్ట్ అంటాం. డీహెచ్‌సీపీ సర్వర్ ఆ కేక విని ఓ అడ్రస్ ఇవ్వజూపుతుంది. ‘సరే, అదే ఇవ్వండి’ అని ల్యాప్‌టాప్ అడుగుతుంది. సర్వర్ ఖాయం చేస్తుంది. డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్... ఈ నాలుగు మెట్ల మొదటి అక్షరాలు కలిపితే ‘డోరా’. గుర్తుపెట్టుకోవడానికి తేలిక.

ఈ సంభాషణలో ల్యాప్‌టాప్‌కు సాధారణంగా నాలుగు సంగతులు తెలుస్తాయి: ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, డీఫాల్ట్ గేట్‌వే, డీఎన్‌ఎస్ సర్వర్ అడ్రస్. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పుగా ఉన్నా ‘నెట్ రావట్లేదు’ అన్న ఫిర్యాదు తప్పదు. ఉద్యోగంలో చేరాక మొదటి ఆరు నెలలు మీరు వెతికే తప్పుల్లో చాలా భాగం వీటి చుట్టూనే తిరుగుతాయి.

మన వీధిలోనా, ఊరి బయటా?

ఇప్పుడు మీరు ఫలితాల వెబ్‌సైట్ పేరు టైప్ చేశారు. కంప్యూటర్లకు పేర్లతో పనిలేదు, అంకెలే కావాలి. ఆ పేరుకు ఐపీ అడ్రస్ ఏమిటని డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడగాలి. దీనికి వాడే పోర్టు 53.

ఆ ప్రశ్న పంపేముందు ల్యాప్‌టాప్ ఒక లెక్క వేస్తుంది. ‘నేను చేరాల్సిన అడ్రస్ నా నెట్‌వర్క్‌లోనే ఉందా, బయట ఉందా?’ ఈ లెక్కకు ఆధారం సబ్‌నెట్ మాస్క్. లోపలే ఉంటే నేరుగా పంపిస్తుంది. బయట ఉంటే డీఫాల్ట్ గేట్‌వేకి, అంటే రౌటర్‌కు అప్పగిస్తుంది.

రౌటర్ ఐపీ తెలుసు సరే, దాని మ్యాక్ అడ్రస్ తెలియాలి కదా? అందుకే ఆర్ప్ అనే ప్రొటోకాల్ ఉంది. ‘ఈ ఐపీ ఎవరిది? మీ మ్యాక్ అడ్రస్ చెప్పండి’ అని అది అడుగుతుంది. రౌటర్ బదులిస్తుంది. మ్యాక్ అడ్రస్ 48 బిట్లు, ఐపీ వెర్షన్ 4 అడ్రస్ 32 బిట్లు, ఐపీ వెర్షన్ 6 అడ్రస్ 128 బిట్లు. ఈ మూడు అంకెలూ నాలుక మీద ఉండాలి.

పార్శిల్ అదే, బస్సు మారుతుంది

పలాస నుంచి నిర్మల్‌కు ఆర్టీసీ కార్గోలో పార్శిల్ వేశారనుకోండి. దాని మీద పంపినవారి చిరునామా, చేరాల్సిన చిరునామా మొదటి నుంచి చివరి దాకా అవే ఉంటాయి. డిపో డిపోకూ బస్సు మాత్రం మారుతుంది. నెట్‌వర్క్‌లోనూ ఇంతే. ప్యాకెట్‌లోని ఐపీ అడ్రస్‌లు పార్శిల్ మీది చిరునామాలాంటివి. మ్యాక్ అడ్రస్‌లు ఆ మజిలీకి ఎక్కించిన బస్సులాంటివి. ప్రతి రౌటర్ దగ్గరా పాత ఫ్రేమ్ తొలగి, కొత్త మ్యాక్ అడ్రస్‌లతో కొత్త ఫ్రేమ్ తయారవుతుంది.

‘ప్యాకెట్ రౌటర్ దాటినప్పుడు ఏది మారుతుంది, ఏది మారదు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఇదే జవాబు. దానికి రెండు మాటలు కలపండి. ఒకటి, టీటీఎల్ విలువ ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే ప్యాకెట్‌ను పారేస్తారు. లేకుంటే దారి తప్పిన ప్యాకెట్లు తిరుగుతూనే ఉంటాయి. రెండోది, న్యాట్ జరిగే చోట ఐపీ అడ్రస్ కూడా మారుతుంది.

న్యాట్ ఎందుకంటే, 32 బిట్లతో వచ్చే అడ్రస్‌లు దాదాపు 429 కోట్లు. ప్రపంచంలోని ఫోన్లు, కంప్యూటర్లు అన్నింటికీ అవి చాలవు. అందుకే 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ప్రైవేట్ అడ్రస్‌లుగా కేటాయించారు. వాటిని ఎవరి ఆఫీసులో వాళ్లు వాడుకోవచ్చు, ఇంటర్నెట్‌లోకి మాత్రం అవి నేరుగా వెళ్లవు. బయటికి వెళ్లేటప్పుడు రౌటర్ వాటిని పబ్లిక్ అడ్రస్‌గా మారుస్తుంది. ఇక్కడ ఓ మెలిక ప్రశ్న: 172.32.5.1 ప్రైవేట్ అడ్రసేనా? కాదు. హద్దు 172.31తోనే అయిపోయింది.

మధ్యలో స్విచ్, రౌటర్ పనుల తేడా కూడా స్పష్టంగా చెప్పాలి. స్విచ్ మ్యాక్ అడ్రస్ చూసి ఫ్రేమ్‌ను సరైన పోర్టుకు పంపుతుంది. ఎవరు ఏ పోర్టులో ఉన్నారో వచ్చిన ఫ్రేమ్‌లను చూసి నేర్చుకుంటుంది. తెలియని అడ్రస్ వస్తే, వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నింటికీ పంపుతుంది. రౌటర్ ఐపీ అడ్రస్ చూసి, తన రౌటింగ్ టేబుల్‌లో దానికి అన్నిటికన్నా దగ్గరగా సరిపోయే దారిని ఎంచుకుంటుంది.

హలో... వినిపిస్తోందా?

డీఎన్‌ఎస్ జవాబు వచ్చింది, వెబ్‌సైట్ ఐపీ తెలిసింది. ఇప్పుడు టీసీపీ కనెక్షన్ పెట్టుకోవాలి. ఫోన్‌లో మనం మాట్లాడినట్టే. ‘హలో, వినిపిస్తోందా?’ ‘ఆ, వినిపిస్తోంది. నా మాట వినిపిస్తోందా?’ ‘ఆ, చెప్పు.’ సాంకేతికంగా సిన్, సిన్-ఆక్, ఆక్. ఇదే త్రీ వే హ్యాండ్‌షేక్. తర్వాత టీఎల్‌ఎస్ ద్వారా ఇద్దరి మధ్యా గుప్త సంభాషణకు తాళంచెవులు సిద్ధమవుతాయి. పోర్టు 443 మీద బ్రౌజర్ పేజీ అడుగుతుంది, సర్వర్ పంపుతుంది. మీ ఫలితం తెర మీదికొస్తుంది.

ఇదంతా కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. మీరు మాత్రం ఇంటర్వ్యూలో నిదానంగా, ఇదే వరుసలో చెప్పండి.

పొరలు బట్టీ పట్టొద్దు

ఓఎస్ఐ మోడల్‌లో ఏడు పొరలని అందరూ చెబుతారు. ఇది అంతర్జాతీయ ప్రమాణంగా 1984లో వెలువడింది. కానీ ఇంటర్నెట్ నడిచేది టీసీపీ/ఐపీ మీద. అమెరికాలోని అర్పానెట్ 1983 జనవరి 1న ఈ పద్ధతికి మారింది. మరి ఓఎస్ఐ ఎందుకు చదవాలి? అది నెట్‌వర్క్ ఇంజినీర్లు మాట్లాడుకునే భాష కాబట్టి. ‘లేయర్ 1 ప్రాబ్లమ్’ అన్నారంటే కేబులో, పోర్టో చూడమని. లేయర్ 2 అంటే స్విచ్, మ్యాక్, వీల్యాన్. లేయర్ 3 అంటే ఐపీ, రౌటింగ్. లేయర్ 4 అంటే టీసీపీ, యూడీపీ, పోర్టు నంబర్లు. పైన చెప్పిన కథలో ఏ సంఘటన ఏ పొరలో జరిగిందో మీరే రాసుకోండి. ఇక మర్చిపోరు.

సబ్‌నెట్టింగ్: భయం వద్దు, తీసివేత చాలు

ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే. నిజానికి కావాల్సింది చిన్న తీసివేత. 192.168.10.77/27 అనే అడ్రస్ తీసుకోండి. /27కి మాస్క్ 255.255.255.224. చివరి అంకెను 256 నుంచి తీసేస్తే 32. అంటే నెట్‌వర్క్‌లు 0, 32, 64, 96... ఇలా 32 చొప్పున నడుస్తాయి. 77 ఎక్కడుంది? 64కు, 96కు మధ్య. కాబట్టి నెట్‌వర్క్ అడ్రస్ 64, బ్రాడ్‌కాస్ట్ 95. కంప్యూటర్లకు ఇవ్వగలిగేవి 65 నుంచి 94 వరకు, మొత్తం 30.

ఇప్పుడు అసలు పరీక్ష. అదే స్విచ్‌కు 192.168.10.100/27తో ప్రింటర్ పెట్టారు. ల్యాప్‌టాప్ నుంచి నేరుగా ప్రింటర్‌కు చేరగలమా? రెండూ 192.168.10తోనే మొదలయ్యాయి కదా అని ‘చేరగలం’ అనేస్తారు చాలామంది. కానీ 100 ఉన్నది 96 నుంచి 127 వరకు ఉన్న వేరే నెట్‌వర్క్‌లో. మధ్యలో రౌటర్ ఉండాల్సిందే.

మరో అడుగు వేద్దాం. 192.168.10.0/24 మీకిచ్చి, 50 కంప్యూటర్ల ల్యాబ్‌కు, 20 కంప్యూటర్ల ఆఫీసుకు, రెండు రౌటర్ల మధ్య లింకుకు పంచమన్నారు. పెద్దదాంతో మొదలుపెట్టండి. ల్యాబ్‌కు /26 (62 అడ్రస్‌లు): 0 నుంచి 63. ఆఫీసుకు /27 (30 అడ్రస్‌లు): 64 నుంచి 95. లింకుకు /30 (2 అడ్రస్‌లు): 96 నుంచి 99. ఇంకా సగానికి పైగా మిగిలింది. ఇలా అవసరం మేరకు కోసి పంచడాన్నే వీఎల్‌ఎస్‌ఎం అంటారు. రోజుకు పది లెక్కలు కాగితం మీద చేస్తే మూడు వారాల్లో చేయి తిరుగుతుంది.

‘నెట్ రావట్లేదు సార్’

సపోర్ట్ ఉద్యోగంలో రోజూ వినే మాట ఇదే. అక్కడ తెలివి కన్నా క్రమం ముఖ్యం.

• కేబుల్ సరిగ్గా ఉందా, పోర్టు దగ్గర లైట్ వెలుగుతోందా?

• విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టండి. అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ అందలేదని అర్థం.

• గేట్‌వేకి పింగ్ కొట్టండి. బదులొస్తే మీ నెట్‌వర్క్ లోపల దారి బాగున్నట్టే.

• బయటి అడ్రస్, ఉదాహరణకు 8.8.8.8కి పింగ్ కొట్టండి. బదులొస్తే ఇంటర్నెట్ దారి కూడా బాగుంది.

• అయినా పేరుతో సైట్ తెరుచుకోకపోతే ఎన్ఎస్‌లుకప్‌తో డీఎన్‌ఎస్ చూడండి.

ఒక జాగ్రత్త. కొన్నిచోట్ల ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డుకుంటుంది. బదులు రాలేదని అవతలి పరికరం చెడిపోయిందని తేల్చేయొద్దు.

ఏ సర్టిఫికేషన్?

నెట్‌వర్కింగ్‌లో మొదటి మెట్టుగా మనవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది సిస్కో వారి సీసీఎన్ఏ. పరీక్ష కోడ్ 200-301. సమయం 120 నిమిషాలు. సర్టిఫికెట్ 3 ఏళ్లు చెల్లుతుంది. రాయడానికి ముందస్తు అర్హత పరీక్ష అంటూ లేదు. సిలబస్ వెర్షన్ 1.1లో వెయిటేజీ ఇలా: నెట్‌వర్క్ ఫండమెంటల్స్ 20 శాతం, నెట్‌వర్క్ యాక్సెస్ 20, ఐపీ కనెక్టివిటీ 25, ఐపీ సర్వీసెస్ 10, సెక్యూరిటీ ఫండమెంటల్స్ 15, ఆటోమేషన్ 10. ఏ కంపెనీ పరికరాలకూ పరిమితం కాకుండా నేర్చుకోవాలంటే కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్ ఉంది. అందులో 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు.

సీసీఎన్ఏ ఫీజు 300 డాలర్లు, పన్నులు అదనం. మన ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు, చాలామందికి అమ్మానాన్నల నెల సంపాదనతో సమానం. స్లాట్ బుక్ చేసేముందు తాజా ఫీజు, సిలబస్‌ను అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. మాక్ టెస్టుల్లో స్థిరంగా మంచి మార్కులు వచ్చాకే డబ్బు కట్టండి.

డంప్‌లతో పాసైతే...

‘డంప్‌లు బట్టీ కొట్టు, పాసైపోతావ్’ అనే సలహా అమీర్‌పేట హాస్టళ్లలో తేలిగ్గా దొరుకుతుంది. అది పరీక్ష నిబంధనలకు విరుద్ధం, బయటపడితే సర్టిఫికెట్ పోవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం ఇంటర్వ్యూ గదిలో జరుగుతుంది. తెల్లకాగితం ఇచ్చి ‘/27 సబ్‌నెట్ వేసి చూపించు’ అంటే బట్టీ పట్టిన ప్రశ్నలేవీ ఆదుకోవు. రెజ్యూమెలో సర్టిఫికెట్ రాసుకుని బేసిక్ ప్రశ్నకు నోరు మెదపకపోతే, ఆ సర్టిఫికెట్ లేనివాళ్ల కన్నా చెడ్డ పేరొస్తుంది. ఇక డబ్బు కడితే ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్లకు దూరంగా ఉండటమే మేలు.

90 రోజుల ప్రణాళిక

మొదటి 30 రోజులు: పొరలు, ఈథర్‌నెట్, ఐపీ అడ్రసింగ్, సబ్‌నెట్టింగ్. తర్వాతి 30: వీల్యాన్, ట్రంక్, స్పానింగ్ ట్రీ, స్టాటిక్ రౌటింగ్, ఓఎస్‌పీఎఫ్. ఆపై 20: డీహెచ్‌సీపీ, న్యాట్, యాక్సెస్ లిస్టులు, వైర్‌లెస్, సెక్యూరిటీ, ఆటోమేషన్. చివరి 10: మాక్ టెస్టులు, తప్పుల సమీక్ష.

ల్యాబ్ కోసం ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. ప్యాకెట్లను కళ్లారా చూడటానికి వైర్‌షార్క్ కూడా ఉచితమే. ఒక చిట్కా: మీరు నెట్‌వర్క్ కట్టండి, మీ స్నేహితుణ్ని అందులో ఒక తప్పు పెట్టమనండి. తప్పు మాస్క్, తప్పు గేట్‌వే, వేరే వీల్యాన్‌లో పోర్టు... ఏదైనా సరే. దాన్ని మీరు వెతికి పట్టుకోండి. కొలువులో చేసేది అచ్చంగా ఇదే పని.

మొదటి ఉద్యోగం చాలావరకు నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లోనో, ఫీల్డ్ సపోర్ట్‌లోనో ఉంటుంది. నైట్ షిఫ్టులు, టికెట్లు, ఫోన్లు తప్పవు. అక్కడ ఓపిగ్గా నేర్చుకున్నవారికే సెక్యూరిటీ, క్లౌడ్ వైపు తలుపులు తెరుచుకుంటాయి. ఆ రంగాలకూ పునాది ఈ ఫండమెంటల్సే.

మీరే చేసి చూడండి

1. 172.16.5.200/26కు నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌లు ఏవి?

2. 10.1.1.120/25, 10.1.1.130/25 ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా?

3. 8.8.8.8కి పింగ్ వెళ్తోంది, కానీ ఏ వెబ్‌సైటూ పేరుతో తెరుచుకోవడం లేదు. మొదట దేన్ని అనుమానించాలి?

జవాబులు: 1. నెట్‌వర్క్ 172.16.5.192, బ్రాడ్‌కాస్ట్ 172.16.5.255. 2. లేవు. మొదటిది 0-127లో, రెండోది 128-255లో ఉంది. 3. డీఎన్‌ఎస్‌ను.

మూడూ సరిగ్గా చెప్పారా? అయితే ల్యాబ్ మొదలుపెట్టండి. ఒకటి తప్పినా ఫర్వాలేదు, ఆ భాగం మళ్లీ చదివి కాగితం మీద లెక్క వేయండి.