ధ్వనికి హద్దు

స్టీరియో యంత్రముపైనున్న వాల్యూము మీటను సగము త్రిప్పినచో శబ్దమును సగమే వచ్చునని పలువురు తలంతురు. అది సరికాదు. సి.డి. ప్లేయరు వంటి సాధనములు పంపు సంకేతము బలమైనది. కావున పెక్కు ఆంప్లిఫయరులు మీట సగము తిరుగునప్పటికే తమ పూర్ణశక్తిని చూపును. ఆపై సంగీతము పెరుగదు, బొంగురుదనమే పెరుగును. ధ్వనితరంగముల శిఖరములు తెగి, అందుండి పుట్టిన తీక్ష్ణస్వరములు చిన్న స్పీకరులోని సన్నని తీగచుట్టను కాల్చివేయుటయు కలదు.

స్పీకరు కాలినచో క్రొత్తది కొనవచ్చును. చెవి విషయమున అట్టి వీలు లేదు. లోచెవియందు నత్తగుల్లవలె చుట్టుకొనియున్న యవయవము కలదు. అందలి సుమారు 15,000 రోమకణములు ధ్వనికి ఊగి, ఆ వార్తను నాడులద్వారా మెదడునకు పంపును. తీవ్రధ్వనిచే నశించిన రోమకణము మనుష్యునకు మరల పుట్టదు. కోడికి పుట్టునని 1980 దశకమున శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ యొక్క విషయమున కోడి మనకంటె అదృష్టశాలి!

ధ్వనితీవ్రతను డెసిబెల్లులలో కొలుతురు. చెవికి తగిలించుకొని వినెడి సాధనములకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించిన ప్రమాణము ప్రకారము పెద్దలు 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. బాలబాలికలకు 75 మాత్రమే. స్పీకరునుండి వచ్చినను చెవికి ధ్వని ధ్వనియే కదా. 3 డెసిబెల్లులు హెచ్చినచో శక్తి రెట్టింపగును. వినదగిన కాలము సగమగును. కావున పెద్దలకైనను 83 డెసిబెల్లులకు 20 గంటలు, 89కి 5 గంటలే మిగులును.

మరి హద్దు నేర్పరచుట యెట్లు? మీట కడ్డముగా మేకు నిలుపుట మోటు పద్ధతి. ఒక పాట మెల్లగను, మరియొకటి బిగ్గరగను ముద్రింపబడియుండును గదా. అంతకంటె మేలైనది ఆంప్లిఫయరునకు ముందే సంకేతమును తగ్గించుట. చెరువు నీటిని తూము అదుపుచేసినట్లు, సమానమైన రెండు నిరోధకములలో నొకదానిని సంకేతము పోవు త్రోవలోను, రెండవదానిని ఆ త్రోవకును భూమితీగకును నడుమను అమర్చినచో వోల్టేజి సగమై, 6 డెసిబెల్లులు తగ్గును. మీట యంతయు ఉపయోగమునకు వచ్చి, ధ్వనిని సున్నితముగా దిద్దుకొనుటకు వీలగును. స్టీరియోలో కుడి యెడమల రెండు త్రోవలుండును. ఏర్పాటు రెంటికిని సమముగా నుండనిచో పాట యొక ప్రక్కకు ఒరిగిపోవును. క్రొత్త యంత్రములు పెక్కింటిలో గరిష్ఠ వాల్యూమును అంకెతో నిర్ణయించు సౌకర్యమే కలదు.

అయితే యంత్రమునకు దూరము తెలియదు. గది యావలి కుర్చీలోని తాతగారికి హాయిగా వినిపించు పాట, స్పీకరు చెంతనే బొమ్మలతో ఆడుకొను పాపకు ఎన్నో డెసిబెల్లులు హెచ్చుగా సోకును. హద్దును ఆ పాప కూర్చుండు చోటనే కొలిచి నిర్ణయింపవలెను.