పిల్లవాడి చెయ్యి చల్లబడిందా? గడువు ఆరు గంటలే!

బడికి సెలవులిస్తే పిల్లలు చేను దగ్గరే ఉంటారు. మనం పత్తి చెలకలో పనిలో పడితే, వాళ్లు గట్టు మీది మామిడిచెట్టో చింతచెట్టో ఎక్కుతారు. పట్టు తప్పి కింద పడేటప్పుడు చెయ్యి నేలకు ఆనిస్తారు. మోచేతికి కాస్త పైన ఎముక విరుగుతుంది. "చెయ్యే కదా విరిగింది, కట్టు కట్టిస్తే అతుక్కుంటది" అనుకుంటాం. ఎముక అతుక్కుంటుంది, నిజమే. కానీ ఆ ఎముకను ఆనుకుని అరచేతికి రక్తం తీసుకుపోయే నాళం ఒకటి ఉంది. విరిగిన ఎముక మొన దాన్ని నొక్కినా, చీల్చినా అసలు ప్రమాదం అక్కడే.

ఎండుతున్న మడికి ఒకరోజు ఆలస్యంగా తడి పెట్టినా పైరు కోలుకుంటుంది. కండ అలా కాదు. రక్తం పూర్తిగా ఆగితే సుమారు ఆరు గంటల్లో కండ చావడం మొదలవుతుంది. చచ్చిన కండ మళ్లీ రాదు. ఈ ఆరు గంటల లెక్క ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాదు, పిల్లవాడు పడినప్పటి నుంచి.

ఇలా పరీక్షించండి

చెయ్యి గానీ కాలు గానీ విరిగినప్పుడు ముందు వేళ్లు చూడండి. రెండో చేతితో పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది.

- దెబ్బ తగిలిన వైపు వేళ్లు చల్లగా, పాలిపోయి లేదా నీలంగా ఉన్నాయా?
- గోరు నొక్కి వదిలితే తెల్లబడి, ఒకటి రెండు అని లెక్కపెట్టేలోగా మళ్లీ ఎర్రబడాలి. ఆలస్యమవుతోందా?
- మణికట్టు దగ్గర బొటనవేలి వైపు నాడి అందుతోందా?
- వేళ్లు తిమ్మిరెక్కాయా? ఆడించలేకపోతున్నాడా?
- వేళ్లను మెల్లగా చాపితే భరించలేనంత నొప్పి అంటున్నాడా?

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రక్తనాళం దెబ్బతిన్నదనే అనుకుని బయలుదేరండి. చెయ్యి ఎర్రగానే ఉండి నాడి మాత్రం అందకపోయినా డాక్టరు చూడాల్సిందే. ట్రాక్టరు కిందో బండి కిందో కాలు పడి మోకాలు నలిగితే, మోకాలి వెనుక నాళం తెగవచ్చు. పైకి గాయం కనిపించకపోయినా పాదం చల్లబడుతుంది. దెబ్బ తగిలిన చోట వాపు పెరుగుతూ, చెయ్యి పెడితే కొట్టుకుంటున్నట్టు తెలిస్తే అది కూడా లోపల నాళం తెగిన గుర్తే.

బిగుతు కట్టు వద్దు

నూనె రాసి మర్దన చేయకండి. చెయ్యి లాగి సరిచేయకండి. వెదురు దబ్బలతో బిగించి కట్టించకండి. లోపల వాపు పెరుగుతూ ఉంటుంది, కట్టు మాత్రం సాగదు. దాంతో ఉన్న రక్తం కూడా ఆగిపోతుంది. కండలు చచ్చి, కుంచించుకుపోయి వేళ్లు గద్ద గోళ్లలా ముడుచుకుపోతాయి. బిగుతు కట్లతో ఇలా జరుగుతుందని జర్మనీ డాక్టరు ఫోక్‌మాన్ 1881లోనే రాశారు. నూటనలభై ఏళ్లు దాటినా మన పల్లెల్లో ఆ బిగుతు కట్టు పోలేదు.

చెయ్యి ఎలా ఉందో అలాగే కింద అట్టముక్క పెట్టి, తువ్వాలతో వదులుగా కట్టి మెడకు వేలాడదీయండి. కడియం, దారాలు, ఉంగరం వెంటనే తీసేయండి. ఆసుపత్రిలో పిండికట్టు వేసిన తర్వాత కూడా నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, వేళ్లు నీలబడితే తెల్లవారేదాకా ఆగకండి. ఆ రాత్రే తిరిగి తీసుకుపోండి.

రక్తం చిమ్ముతుంటే

గడ్డి కోసే మిషన్, కొడవలి, ఎద్దు కొమ్ము, మోటారు బెల్టు. మన ఇళ్లలో పిల్లలకు గాయాలు వీటితోనే. ఎర్రటి రక్తం చిమ్ముతుంటే మంచి రక్తం మోసే నాళం తెగినట్టు.

పిల్లల ఒంట్లో రక్తం కిలో బరువుకు దాదాపు 80 మిల్లీలీటర్లే. 15 కిలోల పిల్లకు మొత్తం 1.2 లీటర్లు. అరలీటరు పాలప్యాకెట్‌లో సగమంత రక్తం పోయిందంటే అయిదో వంతు పోయినట్టే. పైగా పిల్లల ఒళ్లు చివరిదాకా బిగబట్టుకుంటుంది. బాగానే ఉన్నాడనుకుంటుండగానే ఒక్కసారిగా కూలిపోతాడు.

శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా నొక్కండి. పది నిమిషాల పాటు చెయ్యి తీయకండి, ఎత్తి చూడకండి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి పెట్టండి. పసుపు, కాఫీపొడి, బూడిద, పేడ ఏవీ వేయకండి. లోపల దిగిన కర్ర, ఇనుపముక్క పీకకండి. గజ్జల్లో కొమ్ము దిగితే పిడికిలితో అదిమిపట్టి ఆసుపత్రి దాకా అలాగే ఉండండి.

ఎంత నొక్కినా చేతి రక్తమో కాలి రక్తమో ఆగకుండా ప్రాణం మీదికొస్తే, గాయానికి నాలుగు వేళ్ల పైన, కీలు మీద కాకుండా మూడు వేళ్ల వెడల్పు గుడ్డ చుట్టండి. దానిలో కర్ర పెట్టి రక్తం ఆగేదాకా మెలితిప్పండి. తాడు, తీగ పనికిరావు. బిగించిన టైము కాగితం మీద రాసి డాక్టరుకివ్వండి. దారిలో వదులు చేయకండి. రెండు గంటల్లోగా ఆసుపత్రికి చేరాలి.

వేలో చెయ్యో తెగిపడితే ఆ ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచండి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు.

డాక్టర్లు ఏం చేస్తారు?

ముందు మత్తిచ్చి ఎముకను సరిచేసి, సన్నని తీగలు గుచ్చి నిలబెడతారు. చాలామంది పిల్లలకు అంతటితోనే నాడి తిరిగొస్తుంది. రాకపోతే డాప్లర్‌తో గానీ, రంగుమందు ఎక్కించి తీసే స్కాన్‌తో గానీ చూసి, లేదా నేరుగా కోసి, తెగిన నాళాన్ని కుడతారు. కొంత భాగం పాడైతే కాలి నుంచి సిర ముక్క తీసి అతుకు వేస్తారు. పిల్లల నాళం సన్నగా ఉంటుంది, పిల్లవాడితోపాటు పెరగాలి. అందుకే విడివిడి కుట్లు వేస్తారు. కండ బాగా ఉబ్బితే చర్మం, లోపలి పొర చీల్చి వదులు చేస్తారు. ఆ కోత చూసి భయపడకండి. అది చెయ్యిని కాపాడే కోతే.

రెండో ప్రపంచ యుద్ధంలో తెగిన నాళాన్ని ముడివేసి వదిలేసేవారు. అలా చేసిన అమెరికా సైనికుల్లో దాదాపు సగం మంది కాలో చెయ్యో పోగొట్టుకున్నారు. 1950-53 కొరియా యుద్ధంలో నాళాన్ని కుట్టడం మొదలయ్యాక అది నూటికి 13కు తగ్గింది. అంటే కుట్టగలిగితే చెయ్యి నిలబడుతుంది. కాకపోతే టైముకు చేరాలి.

మన దగ్గర టైము లెక్క

కాగజ్‌నగర్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. దారికే అయిదారు గంటలు పోతాయి. అంటే ఊళ్లో వృథా చేయడానికి మన చేతిలో ఒక్క గంట కూడా లేదు. ముందు కట్టు కట్టేవాళ్ల దగ్గరికి, మర్నాడు ఆసుపత్రికి అనుకుంటే చెయ్యి మీద ఆశ వదులుకున్నట్టే.

వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదట చేరిన ఆసుపత్రిలో రెండే మాటలు అడగండి: "నాడి అందుతోందా? రక్తనాళాలు కుట్టే డాక్టరు ఉన్నారా?" లేరంటే అక్కడ సెలైన్ పెట్టించి, పై ఆసుపత్రికి ఫోన్ చేయించి, డాక్టరు ఉన్నారని తెలిశాకే ఆ దారి పట్టండి. హైదరాబాద్ నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉంది. దారిలో పిల్లవాడికి తిండి, టీ, నీళ్లు ఇవ్వకండి, మత్తు ఇవ్వాల్సి వస్తుంది. దుప్పటి కప్పి వెచ్చగా ఉంచండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. కార్డు వెంట పెట్టుకోండి.

వానాకాలంలో బెజ్జూరు, దహెగాం, కౌటాల వైపు వాగులు పొంగితే అంబులెన్సు ఊరిదాకా రాకపోవచ్చు. వాగుకు అవతల ఎవరి దగ్గర బండి ఉందో ఇప్పుడే మాట్లాడి, నంబరు గోడ మీద రాసుకోండి. గడ్డి మిషన్ పని అయిపోగానే కరెంటు తీసేసి, చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టండి. ఆ తాళం చెవి మీ మొలకే ఉండాలి, పిల్లలకు అందకూడదు.