పాత మందుకు పుట్టిన త్రీనాట్‌త్రీ

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో త్రీనాట్‌త్రీ పేరు వినని పల్లె అరుదు. ఠాణా గుమ్మంలో సెంట్రీ భుజాన ఉండేది అదే, నక్సలైట్లు ఠాణాల మీద పడి ఎత్తుకెళ్లిన తుపాకుల్లోనూ అదే. కానీ దాని తూటాను మొదట తయారుచేసింది సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన పాత తుపాకి మందు కోసం.

అడవి ఊళ్లకు ఆ మందు తెలియంది కాదు. నూటికి 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. బర్మారు తుపాకి గొట్టంలో ముందు నుంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, గుళ్లు వేసి, చువ్వతో దట్టించి, నిప్పు పుట్టించే టోపీ తగిలించి పేల్చాలి. రెండో దెబ్బకు మళ్లీ మొదటి నుంచీ ఇదంతా చెయ్యాల్సిందే. అంతసేపు అడవిపంది ఆగుతుందా? 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసులకు ఎదురునిలిచిన కొమురం భీం దళం చేతుల్లోనూ నాటు తుపాకులే ఉండేవని చెబుతారు.

తూటా వచ్చి మందు, గుండు, టోపీ మూడింటినీ ఒకే ఇత్తడి గొట్టంలో బిగించింది. తెలివంతా ఇత్తడిదే. పేలినప్పుడు ఆ ఒత్తిడికి ఇత్తడి గొట్టం ఉబ్బి, తుపాకిలో తూటా కూర్చునే గది గోడలకు అతుక్కుంటుంది. మండే వాయువు కాల్చేవాడి ముఖం మీదికి రాదు. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని సులువుగా బయటికొస్తుంది. ఇది కుదిరాకే వరుసగా పేల్చే రైఫిళ్లు నమ్మకంగా పనిచేశాయి. 1873 నాటి వించెస్టర్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉండేవి. వెనక గుండు మొన ముందు తూటా టోపీని పొడిస్తే చేతిలోనే పేలుతుందని గుండ్ల మొనలు చదునుగా చేశారు.

బ్రిటన్ 1888లో లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ తెచ్చింది. తుపాకి గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళాలు. త్రీనాట్‌త్రీ అన్న పేరు అక్కడిదే. అంత సన్నటి తూటాలో మందు వదులుగా పోస్తే చాలదు. అందుకే 71.5 గ్రెయిన్ల మందును, అంటే నాలుగున్నర గ్రాములకు పైగా, గట్టి ముద్దగా అదిమి నడుమ బెజ్జం పెట్టారు, నిప్పు అందులోంచి పాకుతుందని. పొగ మాత్రం తప్పలేదు. ఈ మందు కాలాక బరువులో సగానికి పైగా మసిగా, లవణాలుగా మిగులుతుంది. అది పేరుకోకుండా గొట్టం లోపల గుండును తిప్పే గాడులను లోతు తక్కువగా, అంచులు గుండ్రంగా చేయించాడు ఇంజినీరు మెట్‌ఫర్డ్.

1891లో పొగ దాదాపు లేని కార్డైట్ అనే మందు వచ్చింది. 31 గ్రెయిన్లే చాలు. అయితే దాని వేడికి ఆ గాడులు త్వరగా అరిగిపోయాయి. మసి కోసం చేసిన ఏర్పాటే తంటా అయింది! 1895లో లోతైన గాడులతో లీ-ఎన్‌ఫీల్డ్ వచ్చింది. తూటా రూపం మాత్రం మారలేదు, అడుగున పొడుచుకొచ్చిన అంచుతో సహా. ఆ అంచులు మ్యాగజైన్‌లో ఒకదానికొకటి తగులుకుని తూటా ఇరుక్కునేది. ఇంజినీర్లు ఏనాడో వదిలించుకోవాల్సిన అంచు అది. లక్షల తుపాకులు మార్చే ఖర్చుకు జంకి అలాగే ఉంచేశారు.

బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం స్వాతంత్ర్యం తర్వాతా ఈ రైఫిళ్లు చేసింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి వీడ్కోలు పలికింది 2020 జనవరిలో.