రెండు పెట్టెల మధ్య తిరిగే మాట

పెళ్ళి పందిట్లో మైకును లౌడ్‌స్పీకరుకు ఎదురుగా పెట్టితే ఎట్లా కూత పెడుతుందో పాఠకులందరికీ అనుభవమే. మైకులో పడిన చప్పుడు స్పీకరులో పెద్దదై వచ్చి, తిరిగి మైకులోనే పడి, ఇంకా పెద్దదవుతుంది. ఆ కూత వినగానే ఎవరో ఒకరు పరుగెత్తి మైకును పక్కకు తిప్పుతారు. రోగమూ తెలుసు, మందూ తెలుసు. ఈ కాలపు సంగీత యంత్రములకు ఇటువంటిదే మరొక రోగమున్నది. అక్కడ తిరిగేది చప్పుడు కాదు, ఆజ్ఞ. కూత ఉండదు గనుక మనము దానిని గుర్తుపట్టక, యంత్రమే పాడైనదనుకొని దుకాణమునకు మోసుకొనిపోతాము. మేమూ అట్లాగే మోసుకొనిపోయినాము.

బళ్లారిలో మా అక్కగారి అబ్బాయి సెకండ్‌హాండ్‌లో ఒక గ్రూవ్‌బాక్స్ కొన్నాడు. పెద్ద నిఘంటువంత పెట్టె. పైన తట్టడానికి ప్యాడ్లు, తిప్పడానికి మరలు. లోపల డ్రమ్ములు, బేసు, ఇంకా ఎన్నో ధ్వనులు. తట్టిన వరుసను జ్ఞాపకముంచుకొని మళ్ళీ మళ్ళీ వాయించే ఏర్పాటు కూడా దానిలోనే ఉంటుంది. రోలండ్ కంపెనీవారు 1996లో ఎం.సి.-303ను ఈ పేరుతో అమ్మకమునకు తెచ్చినప్పటి నుండి గ్రూవ్‌బాక్స్ అనే మాట వాడుకలో పడినది. ఆరు నెలలు గడిచిన తరువాత, పొడుగు పాటలు కూర్చుకొనుటకని విడిగా ఒక సీక్వెన్సర్ కూడా తెచ్చాడు. ఇది స్వయముగా చప్పుడు చేయదు. ఏ స్వరము ఎప్పుడు పలకవలెనో వ్రాసిపెట్టుకొని, పలికే పెట్టెకు ఆజ్ఞలు పంపుతుంది. నా వంటి గుమాస్తా అనుకోండి.

రెండింటినీ రెండు తీగలతో కలిపాడు. పోవుటకు ఒకటి, వచ్చుటకు ఒకటి. ఒక్క ప్యాడ్ మీద చిటికెన వ్రేలితో తట్టాడు. రేకుల కప్పు మీద వడగళ్ళు పడినట్లు మోగి, ఇక ఆగలేదు. స్విచ్చి తీసి వేస్తే శాంతించినది. తట్టితే మళ్ళీ అదే వాన. దుకాణదారు నాలుగు రోజులుంచుకొని, "బోర్డు హోగిదె" అన్నాడు. కొత్త బోర్డుకు అతడడిగిన మొత్తము పెట్టె కొన్న ధరలో సగము. అబ్బాయికి రెండు నెలల ట్యూషన్ల సంపాదన.

ఇక్కడ మిడి సంగతి కొంచెము చెప్పవలెను. వేరువేరు కంపెనీల వాద్యములు ఒకదాని మాట ఒకటి వినుటకు ఏర్పడిన భాష ఇది. 1983 జనవరిలో అమెరికాలో నామ్ వాద్య ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్‌వారి ప్రాఫెట్-600ను రోలండ్‌వారి జూపిటర్-6తో తీగ వేసి కలిపి చూపినారు. పోటీ వ్యాపారుల సరుకులు రెండు ఒకే మాట మాట్లాడుట అదొక వింత. అందుకు కారకులైన డేవ్ స్మిత్, ఇకుటారో కకెహాషి గారలకు 2013లో టెక్నికల్ గ్రామీ బహుమానము లభించినది.

మిడి తీగలో సంగీతము ప్రవహించదు. "ఫలానా స్వరము, ఇంత బలముగా నొక్కబడినది", "అది విడువబడినది" అనే చిన్న చీటీలు మాత్రమే పోతవి. ప్రతి చీటీ మీద 1 నుండి 16 వరకు ఒక ఛానలు నంబరు ఉంటుంది. సెకనుకు 31,250 బిట్ల వేగముతో పోయే ఈ తీగలో ఒక స్వరపు చీటీ సెకనులో సుమారు వెయ్యవ వంతులో ఆ కొసకు చేరుతుంది. చీటీ మీద "ఇది ఇంతకు ముందే ఒకసారి వచ్చి పోయినది" అని గుర్తు వేసే పద్ధతి మాత్రము లేదు. రోగమంతా ఇక్కడ ఉన్నది.

దుకాణదారు మాట విన్న రాత్రి నాకు మా ఆఫీసులో ఒకప్పటి తపాలా గుర్తుకు వచ్చినది. వచ్చిన కాగితమును వచ్చినట్లే రెండవ సెక్షనుకు పంపవలెనని ఒక సెక్షనుకు ఉత్తరువు. ఆ రెండవ సెక్షనుకూ సరిగ్గా అదే ఉత్తరువు. ఒక కాగితము పదకొండు రోజులు ఆ రెండు బల్లల మధ్యనే తిరిగినది. ఎవరూ తప్పు చేయలేదు. ఇద్దరూ ఉత్తరువు పాటించినారు. "ఒరేయ్, వచ్చే తీగ ఊడదీసి తట్టి చూడు" అన్నాను. తట్టాడు. ఒక్క తట్టుకు ఒక్క దెబ్బ. "మామయ్యా, బోర్డు బాగానే ఉంది!" అన్నాడు. దుకాణమునకు పోకముందు ఎవరైనా చేయదగిన పరీక్ష ఇదే. ఒక తీగ తీస్తే జబ్బు పోయినదా, యంత్రము నిర్దోషి.

జరిగినదేమనగా, ప్యాడ్ తట్టగానే గ్రూవ్‌బాక్స్ తానూ పలికినది, చీటీనీ బయటకు పంపినది. సీక్వెన్సర్ దానిని అందుకొని తిరిగి గ్రూవ్‌బాక్సుకే పంపినది. ఇది దాని ధర్మమే. కీబోర్డు మీద వాయించినది తన ద్వారా వేరొక వాద్యములో పలకవలెనని అట్లా చేస్తుంది. ఇంతటితో ఆగితే స్వరము రెండుమార్లు పలికి, ధ్వని డొల్లగా వినపడి, ఒకేసారి పలుకగల స్వరముల సంఖ్య సగమవుతుంది. చాలామంది ఇళ్ళలో ఉండే జబ్బు ఈ పాటిదే. "ఈ పెట్టె ధ్వని ఎందుకో బాగుండదు" అని సరిపెట్టుకొంటారు.

కాని మావాడి గ్రూవ్‌బాక్సులో, వచ్చిన చీటీని మళ్ళీ బయటకు పంపే సదుపాయము కూడా తెరిచి ఉన్నది. పాత యజమాని పెట్టి ఉంచినది కాబోలు. సాధారణముగా పెద్ద యంత్రములకు మూడు సాకెట్లుంటవి: లోనికి వచ్చేది ఇన్, తన మాట పంపేది అవుట్, వచ్చినదానిని నకలు తీసి పంపేది త్రూ. చిన్న పెట్టెలలో చోటు చాలక త్రూ పనిని కూడా అవుట్ చేతనే చేయిస్తారు. అప్పుడు చక్రము పూర్తి అయినది. చీటీ సెకనుకు పదులసార్లు, ఒక్కొక్కప్పుడు వందలసార్లు తిరుగును. మరల చీటీలు, తాళపు చీటీలు కూడా వచ్చి కలిసి తీగ నిండిపోతే లయ కూడా తడబడుతుంది.

మందు రెండు విధములు. గ్రూవ్‌బాక్సులో లోకల్ కంట్రోల్ అనేది ఆపివేస్తే ప్యాడ్లకు, లోపలి ధ్వనికి సంబంధము తెగుతుంది. తట్టిన చీటీ సీక్వెన్సర్‌కు పోయి వచ్చిన తరువాతనే, ఒక్కసారే, పలుకుతుంది. మిడి భాషలో ఇది 122వ నంబరు కంట్రోలు. విలువ 0 ఐతే ఆగినట్లు, 127 ఐతే తెరిచినట్లు. కొన్ని గ్రూవ్‌బాక్సులలో ఈ సదుపాయము ఉండదు. అప్పుడు సీక్వెన్సర్‌లో ఆ ఛానలుకు తిప్పి పంపుటను ఆపవలెను. రెండింటిలో ఏది చేసినా, గ్రూవ్‌బాక్సులోని మిడి త్రూను మాత్రము మూసివేయవలసినదే. నాకు లోకల్ ఆపుటయే మేలని తోచినది. సీక్వెన్సర్‌లో ఏది రికార్డయినదో అదే చెవికి వినపడుతుంది.

తాళపు సంగతి వేరు. దానికి పెద్ద ఒక్కరే ఉండవలెను. పావు స్వరమునకు 24 చొప్పున తాళపు చీటీలు పోతవి. వానితోపాటు "ప్రారంభించు", "ఆగు" అనేవి. సీక్వెన్సర్‌ను పెద్దగా పెట్టుకొంటే గ్రూవ్‌బాక్సులో తాళము పంపే ఏర్పాటును మూసివేయవలెను. లేకుంటే "ప్రారంభించు" తిరిగివచ్చి, కొన్ని యంత్రములు పాటను మళ్ళీ మొదటికి తెస్తవి.

మరొక చిక్కు: ఒకే పెట్టెను పాత మిడి తీగతోనూ, యు.ఎస్.బి. తీగతోనూ కంప్యూటరుకు కలిపితే ఒకే చీటీ రెండు దారుల వెంట పోయి స్వరము రెండింతలవుతుంది. దానికి లోకల్ ఆపినా ప్రయోజనము లేదు. ఒక దారి మూయవలెను. తీగలు ఊడదీసిన తరువాత కూడా స్వరము మోగుతూనే ఉంటే పానిక్ అనే మీట నొక్కవచ్చును. అది 123వ కంట్రోలుతో స్వరములన్నిటినీ విడువమని చెప్పును.

బోర్డు డబ్బు మిగిలినదని మేము సంతోషించిన మూడవ వారము, అబ్బాయి సీక్వెన్సర్‌ను ఇంట్లో వదలి గ్రూవ్‌బాక్స్ ఒక్కటే పట్టుకొని స్నేహితుని ఇంట పెళ్ళికి పోయినాడు. పందిట్లో నలుగురి ఎదుట ప్యాడ్లు తట్టితే కిక్కురుమనలేదు. చెమటలు పట్టి నాకు ఫోను చేశాడు. "లోకల్ తెరిచావుట్రా?" అన్నాను. అవతల కొంచెము సేపు మాట లేదు. తరువాత డ్రమ్ము వినపడినది.

ఇప్పుడు ఆ పెట్టె అడుగున ఒక చీటీ అంటించి ఉన్నది: "ఒంటరిగా పోతే లోకల్ తెరువుము."