డబ్బు కడితే కాన్ఫరెన్స్‌లో చోటు దొరుకుతుందా?

అమెరికా కాలేజీ ఆటల్లో కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి నడుపుకునే లీగ్. అవి తమలో తాము పోటీ పడతాయి, టీవీ హక్కులు ఉమ్మడిగా అమ్ముతాయి, వచ్చిన సొమ్ము పంచుకుంటాయి. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ, అంటే ఎస్‌ఎంయూ, 2024 జులైలో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ)లో చేరింది. అప్పటినుంచి కాన్ఫరెన్స్ సభ్యత్వాల మీద కొన్ని అపోహలు బాగా పాతుకుపోయాయి.

అపోహ: ఎస్‌ఎంయూ డబ్బు కట్టి సభ్యత్వం కొనుక్కుంది.

వాస్తవం: కట్టలేదు, రావాల్సింది వదులుకుంది. ఏసీసీతో ఉన్న ఒప్పందం ప్రకారం కొత్త సభ్యుడు చేరితే టీవీ హక్కులు కొన్న ఈఎస్‌పీఎన్ ఆ మేరకు అదనంగా చెల్లించాలి. ఎస్‌ఎంయూ తన వాటాను తొమ్మిదేళ్లపాటు తీసుకోనంది. ఆ సొమ్ము పాత సభ్యులకు వెళ్తుంది. ఆ లోటు పూడ్చుకునే స్తోమత ఎస్‌ఎంయూకి ఉంది: ప్రవేశం ఖాయమైన వారంలోనే దాతల నుంచి 10 కోట్ల డాలర్లు సమకూరాయి.

అపోహ: డబ్బు చూపిస్తే ఎవరూ కాదనరు.

వాస్తవం: నిర్ణయించేది సభ్యుల ఓట్లు. ఏసీసీలో అప్పుడున్న 15 ఓట్లలో 12 కావాలి. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, నార్త్ కరోలినా ససేమిరా అన్నాయి. మొదట విముఖంగా ఉన్న నార్త్ కరోలినా స్టేట్ 2023 సెప్టెంబరు 1న మనసు మార్చుకోవడంతో సరిగ్గా 12 పడ్డాయి. మెంఫిస్ యూనివర్సిటీకి ఆ అదృష్టం లేదు. ఆ ఊళ్లోనే ప్రధాన కార్యాలయమున్న ఫెడెక్స్ 2016లో అండగా నిలిచినా బిగ్ 12 కాన్ఫరెన్స్ అసలు విస్తరణే వద్దనుకుంది. 2025లో మెంఫిస్ 20 కోట్ల డాలర్లకు పైగా విలువైన ప్రతిపాదన తెచ్చిందని వార్తలొచ్చాయి. అదీ ఫలించలేదు.

అపోహ: సంపన్న యూనివర్సిటీని ఎవరైనా పిలిచి చేర్చుకుంటారు.

వాస్తవం: స్టాన్‌ఫర్డ్ మూలనిధి 3,600 కోట్ల డాలర్లు దాటింది. కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ ఇచ్చే జట్టు టైటిళ్లలో దానిదే అగ్రస్థానం. అయినా 2023లో అది సభ్యురాలిగా ఉన్న పాక్-12 కాన్ఫరెన్స్ కుప్పకూలినప్పుడు, బిగ్ టెన్ కాన్ఫరెన్స్ అక్కడి ఒరెగాన్, వాషింగ్టన్‌లను తీసుకుని స్టాన్‌ఫర్డ్‌ను వదిలేసింది. చివరికి పసిఫిక్ తీరాన ఉన్న ఆ యూనివర్సిటీ దాదాపు 30 శాతం వాటాకే ఒప్పుకుని అట్లాంటిక్ తీరపు ఏసీసీలో చేరింది.

అపోహ: ఎన్‌సీఏఏకి ఫీజు కడితే ఫుట్‌బాల్ అగ్రశ్రేణిలోకి వెళ్లిపోవచ్చు.

వాస్తవం: ఆ దరఖాస్తు ఫీజు 2023లో 5 వేల డాలర్ల నుంచి ఏకంగా 50 లక్షలకు పెరిగింది. అయితే ఏదో ఒక కాన్ఫరెన్స్ ఆహ్వానం కూడా చేతిలో ఉండాలి. అది లేకుండా మినహాయింపు కోరిన శాక్రమెంటో స్టేట్‌ను 2025లో ఎన్‌సీఏఏ తిప్పి పంపింది.

అపోహ: డబ్బుతో వచ్చినవాళ్లు మైదానంలో నిలవలేరు.

వాస్తవం: ఎస్‌ఎంయూ తొలి ఏడాదే ఏసీసీ ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు ఎనిమిదికి ఎనిమిదీ గెలిచింది. ఫైనల్లో క్లెమ్సన్ చేతిలో 31-34తో ఓడినా, 12 జట్ల జాతీయ ప్లేఆఫ్‌కు చేరింది.

డబ్బు బేరానికి బలమిస్తుంది, సభ్యత్వానికి హామీ ఇవ్వదు. ఎస్‌ఎంయూకి ఉన్నంత మంది దాతలు అన్ని యూనివర్సిటీలకూ లేరు. చాలాచోట్ల అథ్లెటిక్స్ ఖర్చులో కొంత విద్యార్థుల ఫీజుల్లోంచే వస్తుంది. అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులు ఫీజు బిల్లులో ఆ పద్దు ఉందేమో, ఉంటే ఎంతో తప్పక చూసుకోవాలి.