నొప్పి ఒకచోట – జబ్బు మరొకచోట



"నిన్న రాత్రి సంది ఎడమ చెయ్యి గుంజుతాంది, పత్తి ఏరి ఏరి అట్లయిందేమో" అంటూ మా ఓపీకి వచ్చేవారు ఉంటారు. దవడ నొప్పిని పంటి నొప్పి అనుకునేవారు, గుండెల మీది బరువును గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునేవారు కూడా ఉంటారు. ఇలాంటి వారిలో కొందరికి ఇ.సి.జి. తీస్తే గుండెపోటు అని తేలుతుంది. వారు అబద్ధం చెప్పలేదు. నొప్పి నిజంగానే చేతిలో, దవడలో ఉంది. జబ్బు మాత్రం గుండెలో ఉంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

మన దేహంలో వార్తలు మోసే కణాలు

మన వెన్నుపాము నుండి 31 జతల నరాలు బయలుదేరుతాయి. నొప్పిని, వేడిని, తాకిడిని తెలిపే నరకణాలు వెన్నెముక పక్కనే చిన్న ముడులుగా ఉంటాయి. ప్రతి కణానికీ పొడవైన తీగ ఉంటుంది. ఆ తీగ ఒక కొస చర్మానికో, కండరానికో, లోపలి అవయవానికో పోతుంది. రెండవ కొస వెన్నుపాములోకి వెళ్తుంది.

శరీరపు పైగోడ, అంటే చర్మం, కండరాలు, పక్కటెముకల నుండి వచ్చే తీగలు చాలా ఎక్కువ. గుండె, పేగులు, కిడ్నీల వంటి లోపలి అవయవాల నుండి వచ్చేవి మొత్తంలో పదవ వంతు కూడా ఉండవు. పైగా ఈ రెండు రకాల తీగలూ వెన్నుపాములో ఒకే చోట, ఒకే కణాల మీద వాలుతాయి.

రెండు ఊళ్ల దారులు ఒక అడ్డరోడ్డు దగ్గర కలిసి పరకాలకు వస్తాయనుకోండి. బజారులో నిలబడినవాడికి రోజూ పెద్ద ఊరి బండ్లే కనబడతాయి. ఎప్పుడో ఒకసారి చిన్న ఊరి బండి వచ్చినా, అదీ పెద్ద ఊరిదే అనుకుంటాడు. మన మెదడు కూడా అంతే. గుండె నుండి వచ్చిన కబురును చేతి నుండి వచ్చిందని తలుస్తుంది.

1948లో సింక్లెయిర్, వెడెల్, ఫైండెల్ అనే పరిశోధకులు మరొక మాట చెప్పారు. ఒకే నరకణపు తీగ రెండు కొమ్మలుగా చీలి, ఒకటి పైగోడకు, ఒకటి లోపలి అవయవానికి పోతుందని వారి ఆలోచన. తరువాత జంతువులలో అలాంటి కణాలు కనబడ్డాయి కానీ, చాలా కొద్దిగానే. అందుచేత వెన్నుపాములో జరిగే కలయికే ముఖ్య కారణమని వైద్యులు ఎక్కువగా భావిస్తున్నారు.

ఈ నొప్పులను గుర్తుపెట్టుకోండి

గుండె: ఛాతీ మధ్య బరువు, పిండినట్లు నొప్పి. అది ఎడమ చేతి లోపలి వైపుకు, మెడకు, దవడకు, వీపుకు పాకవచ్చు. కుడి చేతికి కూడా రావచ్చు. చెమటలు, వాంతి, ఆయాసం తోడవుతాయి.

పిత్తాశయం: రాళ్లున్నవారికి కుడి డొక్కలో నొప్పి లేచి కుడి భుజానికి, రెక్క ఎముక కిందికి పోతుంది. పిండం పెరిగేటప్పుడు ఊపిరికి తోడ్పడే ఉదరవితానం మెడ దగ్గర ఏర్పడి, తన నరాన్ని వెంటబెట్టుకుని కిందికి దిగుతుంది. అందుకే దానికి తగిలిన మంట భుజంలో తెలుస్తుంది.

అపెండిక్స్: మనవాళ్లు 'ఇరవై నాలుగు గంటల నొప్పి' అంటారు. మొదట బొడ్డు చుట్టూ వస్తుంది. వాపు పెరిగి కడుపు లోపలి గోడను తాకినప్పుడు కుడి వైపు కిందికి దిగి, వేలు పెట్టి చూపగలిగేలా ఉంటుంది. నొప్పి చోటు మారింది కదా, తగ్గిందిలే అనుకోవద్దు. జబ్బు ముదిరిందని అర్థం.

కిడ్నీ రాయి: నడుము పక్క నుండి గజ్జల్లోకి జారే నొప్పి.

కొన్నిసార్లు వ్యవహారం తిరగబడుతుంది. సర్పి లేచే ముందు ఛాతీకో నడుముకో ఒక పక్క మంట, పోటు వస్తాయి. గుండెనొప్పేమో, కిడ్నీ నొప్పేమో అని భయపడతారు. కొన్ని రోజులకు అక్కడ పొక్కులు వరుసగా లేస్తాయి. సర్పి వైరస్ దాగి ఉండేది పైన చెప్పిన నరపు ముడులలోనే. లండన్ వైద్యుడు హెన్రీ హెడ్ 1893లో ఏ అవయవం జబ్బుపడితే ఏ చోట చర్మం నొస్తుందో పటం గీసినప్పుడు, సర్పి పొక్కులు వచ్చే చోట్లు ఆయనకు ఎంతో సాయపడ్డాయి. సర్పికి జాజు పూయించి ఊరుకోవద్దు. పొక్కులు లేచిన 72 గంటలలోపు మందు మొదలుపెడితే మేలు ఎక్కువ.

షుగరు ఉన్నవారికి ప్రత్యేక హెచ్చరిక

షుగరు వ్యాధి చాలాకాలం అదుపులో లేకపోతే ఈ సన్నని తీగలే చెడిపోతాయి. అప్పుడు గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లని చెమట, కళ్లు తిరగడం మాత్రమే కనబడతాయి. వృద్ధులలో, స్త్రీలలో కూడా ఇలా జరుగుతుంది.

ఇది పట్నం జబ్బు కాదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003–04లో జరిగిన మరణాలను పరిశోధకులు ఆరా తీశారు. ప్రతి 100 మరణాలలో 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది.

ఏమి చేయాలి?

ఛాతీలోగాని, చేతిలోగాని, దవడలోగాని కొత్తగా వచ్చిన నొప్పి కొన్ని నిమిషాలు కూర్చున్నా తగ్గకపోతే, చెమట పడితే, బామ్ రుద్దుతూ, సోడా తాగుతూ గంటలు పోగొట్టవద్దు. రోగిని నడిపించవద్దు, మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి తేవద్దు. 2005లో మొదలైన 108కు వెంటనే ఫోన్ చేయండి. పరకాల నుండి హనుమకొండకు సుమారు 35 కిలోమీటర్లు. కనుక ముందు దగ్గరలో ఇ.సి.జి. ఉన్న ఆసుపత్రికి చేరండి. మొదటి ఇ.సి.జి. బాగుందన్నా నొప్పి ఉంటే మళ్లీ తీయించండి. మూసుకున్న రక్తనాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే గుండె కండరం అంత మిగులుతుంది.

కడుపునొప్పికి కారణం తెలియకుండా నొప్పి సూదులు వేయించుకుని ఇంట్లో ఉండిపోవద్దు. డాక్టరుకు "ఎక్కడ నొస్తుంది" అని మాత్రమే కాక, "మొదట ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది" అని కూడా చెప్పండి. ఆ ఒక్క మాట ఎన్నో పరీక్షలకు సమానం.

నొప్పి దేవుడు మన దేహంలో ఉంచిన కావలివాడు. కావలివాడు కేక వేసినప్పుడు నిర్లక్ష్యం చేయకుందాం. ఈ సంగతులు మీ ఇంట్లో, మీ సంఘంలో, పొలంలో మీతో పనిచేసేవారికి చెప్పండి. ప్రభువు మీ అందరికీ ఆరోగ్యము దయచేయును గాక.